యోనా మాస్టారి చత్వారం

చత్వారం తనకు తప్ప చింతపల్లిలో నలభై దాటిన వాళ్ళందరికీ వస్తుందని యోనా మాస్టారి నమ్మకం. పుస్తకం చదవాలంటే చెయ్యి చాచి పట్టుకునేవారు. చాచగా చాచగా, ఇక చాచడానికి చెయ్యి మిగల్లేదు. అప్పటికీ ఆయన, "ఈమధ్య అచ్చువేసే వాళ్ళు సిరాకి కక్కుర్తి పడుతున్నారు" అన్నారే తప్ప, కళ్ళని పల్లెత్తు మాట అనలేదు.

"కళ్ళజోడు కొనుక్కోండి" అనేది భార్య తెరిసమ్మ.

"కళ్ళజోడా? నేనేమైనా తాతనా?"

"కూతురికి పెళ్ళి సేత్తన్నారు. తాతవ్వడానికి ఇంకెన్నాళ్ళేటి?"

ఆ పెళ్ళే ఆయనకు పెద్ద బెంగ. కూతురు క్రిస్టినాను కొయ్యూరు ఫల్గుణ గారి అబ్బాయి కెవిన్‌కి ఇస్తున్నారు. పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైతే గుడిలో పెళ్ళిళ్ళుండవు. దానికి మిగిలినవి సరిగ్గా ఆ మూడు ఆదివారాలే. ఒక్కటి తప్పినా పెళ్ళి ఈస్టరు దాటిపోతుంది. ఫల్గుణ గారు మాటకన్నా ముందు మీసం లేచే మనిషి. అన్నాళ్ళు ఆగే రకం కాదు.

ప్రకటన చదవాల్సింది సంఘ కార్యదర్శి. ఆ కార్యదర్శి యోనా మాస్టారే. మొదటి ప్రకటన వినడానికి వియ్యాలవారు రెండు జీపుల్లో వస్తున్నారు. ఫల్గుణ గారు ఆయనకన్నా పెద్దవారైనా కొండమీద నిలబడి లోయలో మేకల్ని ఎంచుతారు. అలాంటి మనిషి ముందు ముక్కుమీద కళ్ళజోడు తగిలించుకుని నిలబడాలా?

అందుకని, టీచర్ల శిక్షణ అని ఇంట్లో చెప్పి, మాస్టారు విశాఖపట్నంలో కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

"కళ్ళజోడు అక్కర్లేదు. కంట్లో పెట్టుకునే లెన్సులు, రెండు రకాలు ఇస్తున్నాను" అందావిడ. "ఒక రకంలో దగ్గర చూపు మధ్యలో ఉంటుంది, దూరం చూపు చుట్టూ ఉంటుంది. రెండో రకంలో అది తిరగబడి ఉంటుంది. కంటిపాప ఎండలో ముడుచుకుంటుంది, చీకట్లో విచ్చుకుంటుంది. అందుకే ఒక వెలుతురులో బాగున్నది ఇంకో వెలుతురులో బాగుండకపోవచ్చు. ఎండలో, నీడలో, దీపం దగ్గర, అన్నిచోట్లా పోల్చి చూడండి."

'కళ్ళజోడు అక్కర్లేదు' అన్నంతవరకే మాస్టారి చెవికెక్కింది.

మర్నాడు పొద్దున్నే అద్దం ముందు ఆయన వేలితో కంట్లో పొడుచుకుంటుంటే తెరిసమ్మ వచ్చింది.

"ఏటండీ, ఏటి సేత్తన్నారు?"

"ప్రార్థన."

"ప్రార్థన కళ్ళు మూసుకుని సేత్తారు. పొడుసుకుని కాదు."

మాస్టారు నీళ్ళు కారే కళ్ళతో, భక్తి ఎక్కువైందని సర్దిచెప్పారు. తెరిసమ్మ ఆయన వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ ఏమీ అనకపోవడం ఎంత ప్రమాదమో ఆయనకు తెలియాలి. తెలియలేదు.

మిట్టమధ్యాహ్నం బడి వరండాలో మొదటి జత పరీక్షించారు. పుస్తకంలో అక్షరాలు చీమల బారులా స్పష్టంగా నడిచాయి. దూరంగా వస్తున్నది పై అధికారో ఎద్దో తెలియక, ఎందుకైనా మంచిదని నమస్కారం పెట్టారు గాని, దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. రెండో జత పెడితే అక్షరాలు అలికేసినట్టున్నాయి. మొదటి జతే గెలిచిందని అక్కడికక్కడే తీర్పు చెప్పేశారు.

ఆదివారం మంచు గుడి గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. చలికి కిటికీలు మూశారు. ఆరాధన మొదలవగానే కరెంటు పోయింది. ముందు వరసలో ఫల్గుణ గారు, పక్కన కెవిన్, వెనక కొయ్యూరు బంధువులు. ఎదురుగా రెండు కొవ్వొత్తుల మధ్య యోనా మాస్టారు.

పాస్టరు ఐజాక్ అయ్యగారు చేతికిచ్చిన కాగితాన్ని మాస్టారు విప్పారు. ఒక్కో అక్షరానికి రెండేసి నీడలు. ఒక వరస ఇంకో వరస మీదికెక్కింది. పైన పెళ్ళి ప్రకటన. దానికిందే, ప్రథమ ఫలాల పండుగకి సంఘంలోని బుధు కానుకగా అర్పించిన మేకపోతు వేలంపాట.

చెయ్యి చాచారు. ఇంకా చాచారు. నోరు ముందు వెళ్ళిపోయింది, బుద్ధి వెనక వచ్చింది.

"కొయ్యూరు వాస్తవ్యులు ఫల్గుణ గారి జ్యేష్ఠ కుమారుడు, బాగా మేపిన, కొమ్ములు తిరిగిన రెండేళ్ళ మేకపోతునకును, యోనా గారి కుమార్తె క్రిస్టినాకును వివాహము నిశ్చయమైనది. అభ్యంతరమున్నవారు ఇప్పుడే తెలుపవలెను."

వెనక చాపల మీద ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నాకుంది అభ్యంతరం!" ఫల్గుణ గారు లేచారు, మీసంతో సహా. "మావోడు మేకపోతా? గుళ్ళో నిలబెట్టి ఎగతాళా? లెగండ్రా, జీపెక్కండి బేగి!"

అయ్యగారి మొహం పాలిపోయింది. ఆయన సేవలో ప్రకటనకి అడ్డు చెప్పినవాడు ఇంతవరకు లేడు. చెబితే ప్రకటన ఆపి, విచారించాలి. ఆపితే ఆదివారం పోయినట్టే, పెళ్ళీ పోయినట్టే.

"అన్నయ్యగారూ, ఒక్క మాట." ఆడవాళ్ళ చాపల మీంచి తెరిసమ్మ లేచింది. "మీవోణ్ణి ఎవులూ ఎగతాళి సెయ్యలేదు. మీ బావగారికి సత్వారం. ఒప్పుకోడానికి సిగ్గేసి, ఇంట్లో సెప్పకుండా కళ్ళల్లో అద్దాలెట్టుకొచ్చేరు. అయ్యి ఈ సీకట్లో అచ్చరాలు సూపించవు."

"నిజమేనా మాస్టారూ?" అన్నారు అయ్యగారు.

కాదంటే పెళ్ళి పోతుంది. అవునంటే పరువు పోతుంది. మాస్టారు తలెత్తారు. దగ్గరి కాగితం కనిపించని ఆ కళ్ళకి, ఎక్కడో వెనక చాప మీద ఉన్న కూతురి చెంపల తడి మాత్రం ఎంతో స్పష్టంగా కనిపించింది.

"నిజమే అయ్యగారూ. చత్వారమే."

ఫల్గుణ గారి మీసం మెల్లగా దిగింది. "ఓస్, దీనికేటి సిగ్గు బావగారూ? నాకు సెక్కుమీద సంతకం ఎక్కడెట్టాలో మావోడే సూపిత్తాడు. నాకేటీ అబ్యంతరం లేదు. సదవండి."

తెరిసమ్మ కాగితం అందుకుంది. అదే కొవ్వొత్తి, అదే చీకటి. ఒక్క అక్షరం తడబడకుండా చదివేసింది. మేకపోతు తన వరసలో తాను ఉండిపోయింది.

ఇంటికొచ్చాక మాస్టారు నెమ్మదిగా అడిగారు.

"నా కళ్ళ సంగతి నీకెలా తెలిసింది?"

"రెండేళ్ళుగా నా కళ్ళల్లోనూ అలాటి అద్దాలే ఉన్నాయి గనక."

మాస్టారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. "ఎక్కడ దాచావు?"

"దాయడవేటి? వంటింట్లో, పోపుల డబ్బా పక్కనే ఉంటాయి. మీరెప్పుడైనా అటొచ్చేరా?"

మాస్టారు కుర్చీలోంచే వంటింటి వైపు తొంగి చూశారు.

"కుడి కంటికొక రకం, ఎడం కంటికొక రకం. పొయ్యికాడ, ఘాటీరోడ్డులో జీపుమీద, గుళ్ళో, అన్నిసోట్లా సూసుకుని ఏరుకున్నాను. మీరు అద్దంలో మీ మొకం సూసుకుని ఏరుకున్నారు."

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"సెప్తే, ముసల్దానివైపోయావని నవ్వీవోరు."

నవ్వేవారే. ఆ సంగతి తనకే బాగా తెలుసు కాబట్టి మాస్టారు తలదించుకున్నారు. ఆవిడ మీద జాలి, తన మీద సిగ్గు ఒక్కసారే వచ్చాయి.

తెరిసమ్మ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, ఆయన తల వెనక్కి వంచి, ఆ రెండు లెన్సులూ సుతారంగా తీసేసింది. తర్వాత తన మొహం ఆయన మొహానికి దగ్గరగా పెట్టింది.

"ఇప్పుడు నేనెలాగున్నాను?"

అంతా మసక. అయినా పాతికేళ్ళ అనుభవం ఆయన్ని ఆదుకుంది. "పెళ్ళినాడు ఎలా ఉన్నావో అలాగే ఉన్నావు తెరీసా. ఒక్క ముడత లేదు."

"అయితే ఇంట్లో మీకీ సూపే మంచిది. లెన్సులొద్దు" అని, ఆవిడ రెండు జతలూ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మరుసటి ఆదివారం యోనా మాస్టారు ముక్కుమీద లావుపాటి కళ్ళజోడుతో రెండో ప్రకటన చదివారు. అభ్యంతరమున్నవారు తెలుపవలెను అన్నాక, జోడు పైనుంచి ముందుగా చూసింది ఫల్గుణ గారి వైపు కాదు, తెరిసమ్మ వైపే.