ఎర్ర కూపేనా, నీలం కూపేనా?

కదలని కారే అసలైన కారు! నవ్వేవాళ్లు నవ్వండి. ఉక్కునగరంలో మా క్వార్టర్ ముందు షెడ్డులో ఉన్న ఇటలీ స్పోర్ట్స్ కూపే కారుకి రోజూ దుమ్ము దులిపే ఇల్లాలిని. ఈ మాట చెప్పే హక్కు నాకు కాక ఇంకెవరికుంది?

మావారు త్రినాథరావు గారిది ఎర్ర ఇటలీ బండి. ఎదురు క్వార్టర్ నరసింహమూర్తి గారిది నీలం జర్మనీ బండి. రెండూ అరవైల నాటివి, రెండే తలుపులు, ఓడలో వచ్చి మన విశాఖ పోర్టులోనే దిగాయి. ఏది గొప్పదని ఈ పెద్దమనుషులిద్దరూ డ్యూటీ ఆఫ్ దొరికితే చాలు, ఒకటే వాదన! పోనీ పాపమని నేనే తీర్పు చెబుతున్నాను.

ఎర్రది స్టార్ట్ కాదు. పెట్రోలు ఖర్చు లేదు, యాక్సిడెంట్ భయం అసలే లేదు. ఇంత క్షేమమైన వాహనం దేశంలో ఇంకోటుందా? నీలంది స్టార్ట్ అవుతుంది గానీ మూర్తిగారు బయటికి తియ్యరు. సముద్రపు గాలికి తుప్పు పడుతుందట! విశాఖపట్నంలో సముద్రపు గాలి తగలని రోడ్డు కోసం ఆయన ఇంకా వెతుకుతున్నారు. పూజనాడు చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు చితక్కుండా అక్కడే ఎండిపోయాయి. వాళ్లావిడ చంద్రిక తీసి పారేయబోతే, "ముట్టుకోకు, అవీ ఒరిజినలే!" అన్నారట.

ఇక సీట్లు. మా బండిలో ముందు రెండు. ఒకటి మావారిది, రెండోది ఖాళీ. అందులో కూర్చుని బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లాలని నాకో వెర్రి కోరిక. షెడ్డులోనే ఒకసారి కూర్చుని చూస్తానన్నాను.

"జరీ అంచు గీరుకుంటే లెదర్ ఏమైపోవాలి?" అన్నారు. నూలు చీర కట్టుకొచ్చాను. "మరి నీ బరువుకి స్ప్రింగులో?" అన్నారు. సిగ్గులేని మనిషి! కానీ దీనివల్లా లాభమే చూశారా? నాకు నడక అలవాటైంది, షుగరు దరి చేరలేదు.

మొన్న భీమిలిలో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. కదలని బండి కదా, లారీ ఎక్కించి తాళ్లతో కట్టారు. ఆ తాళ్ల మీద నమ్మకం చాలక మావారు కూడా పైకెక్కి, కారులో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నారు. నన్ను లారీ క్యాబిన్‌లో కూర్చోమన్నారు.

డ్రైవర్ ఎల్లాజీ అద్దంలో వెనక్కి చూసి బిత్తరపోయాడు. "అమ్మా, అయ్యగారేటి స్టీరింగ్ తిప్పుతన్నారు? లారీ నాను కదా తోల్తన్నాను!"

క్యాబిన్ వెనక కిటికీలోంచి నేనూ చూశాను. మలుపు మలుపుకీ ఆయన తిప్పుతూనే ఉన్నారు. రుషికొండ దగ్గర జనం చేతులూపితే హుందాగా తలూపారు కూడా. పక్కసీటు ఖాళీగానే ఉంది. అది చూసి నిజంగానే ఏడుపొచ్చింది.

ఎల్లాజీ గమనించాడు కాబోలు, లారీ పక్కకి తీశాడు. "సముద్రం నా వేపుంది, మీకు అగుపడదు. సిటికెలో దిగి సూసుకోండమ్మా, నానాగుతాను" అన్నాడు.

వెనకనుంచి మావారు ఒకటే కేకలు, ఎందుకాపావని. నేను తీరిగ్గా దిగి చూశాను.

కాబట్టి పాత కార్లు పోగేసే మహానుభావులారా, ఎర్రదా నీలందా అని కొట్టుకోకండి. నన్నడిగితే లారీ కొనండి. అందులో నాకు చోటుంది.