బొట్టు పెట్టి పిలిచిన ప్రమాదం

మా ముక్కంటిపాలేనికి ఈ 2008 వేసవిలో అణువిద్యుత్ కేంద్రం మంజూరు కాబోతున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కొత్తపట్నం తీరం పొడవునా వెతికి వెతికి, ఏమైనా జరిగినా పెద్దగా నష్టం లేని చోటు ఇదేనని నిపుణులు తేల్చారట. ఒక్క విషయంలోనైనా మా ఊరికి మొదటి స్థానం దక్కింది.

ప్రత్యేకాధికారి జయరావుగారు బడి ఆవరణలో సభ పెట్టి, మైకు సరిచేసుకుని ఇలా సెలవిచ్చారు: "ప్రమాదం జరగదు. జరిగే ప్రశ్నే లేదు. జరిగినప్పుడు ఎలా పరిగెత్తాలో మాత్రం వచ్చే బుధవారం ప్రాక్టీసు చేద్దాం. సైరన్ మోగగానే బస్సులెక్కండి. చీమకుర్తి అవతల నల్లరాళ్లపాడులో మీకు ఆశ్రయం." చప్పట్లు కొట్టాం.

కాలవ అవతలి పేటలో మిరప కోతల ముఠా నడిపే రెబ్కా మాత్రం లేచి నిలబడింది.

"మా పేటకి బస్సు వచ్చిద్దా సార్? మాకూ పిల్లలున్నారు."

"తప్పకుండా. ప్రత్యేకంగా ఒక బస్సు" అన్నారు జయరావుగారు. ఆ మాట మూడుసార్లు చెప్పించుకుంటే గానీ ఆమె కూర్చోలేదు. అధికారుల్ని అంతగా అనుమానించడం మాకెవరికీ నచ్చలేదు.

బుధవారం సైరన్ మోగింది. పేట జనం పిల్లల్ని చంకనేసుకుని కాలవ గట్టు మీదికి వచ్చేశారు గానీ, ఊళ్లో ఒక్క గడపా కదల్లేదు. ఊరే రానప్పుడు పేట కోసం బస్సు కదపడం బాగుండదని ఆ పూటకి ప్రాక్టీసు రద్దు చేశారు. జయరావుగారు చెమట తుడుచుకుంటూ ప్రెసిడెంటు రామాంజనేయులుగారింటికి వెళ్తే, ఆయన తల్లి సుబ్బరావమ్మగారు అరుగు మీద నుంచే కడిగేశారు.

"కూత వినపడింది నాయనా. కూత కూస్తే లేచి పరిగెత్తుతామా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచారా? పైగా నల్లరాళ్లపాడంటే మా వియ్యాలవారి ఊరు. మా ఆడపిల్లల్లో సగం మందిని అక్కడే ఇచ్చాం. వియ్యపురాలింటికి ఉత్త చేతుల్తో ఎట్టా పోతాం?"

జయరావుగారు అర్థం చేసుకుని ప్రణాళికను సవరించారు. ఇకమీదట ప్రమాదానికి ముందురోజు ఇంటింటికీ పిలుపు ఉంటుంది. సైరన్ మోగాక బూందీ వేయించి, పాకం పట్టి, లడ్డూలు చుట్టడానికి తగిన వ్యవధి ఇస్తారు. అంతవరకు రేడియేషన్ ఊరి పొలిమేర దాటకుండా చూసే బాధ్యతను సంబంధిత శాఖకు అప్పగించారు.

అధికారిగారి భార్య జయకుమారిగారు ఒంగోలు నుంచి కారులో దిగి, వెండి భరిణ పట్టుకుని వీధి వీధీ తిరిగి, "రేపు మా ప్రమాదానికి తప్పకుండా రావాలి వదినగారూ" అంటూ ఆడవాళ్లందరికీ బొట్టు పెట్టారు. ఎంత కలుపుగోలు మనిషి! పేటవైపు మాత్రం వెళ్లలేదు. వాళ్లు క్రైస్తవులు కదా, బొట్టు పెడితే వారి మనోభావాలు దెబ్బతింటాయని ఆమె భయం. ఊరికే పిలిచి రావచ్చన్న ఆలోచన ఎవరికీ తట్టలేదు.

రెండోసారి మా ఊరి శోభ చూసితీరాల్సిందే. సైరన్ మోగగానే వీధి వీధినా పొయ్యిలు వెలిగాయి. పట్టుచీరలు, అరటి గెలలు, లడ్డూల గంగాళాలు. మనుషులంటే ఎలాగో ఇరుక్కుని కూర్చుంటారు గానీ, లడ్డూలు చితికితే వియ్యాలవారి ముందు పరువేం కావాలి? అందుకని పేటకు కేటాయించిన బస్సులోకి గంగాళాలు ఎక్కించాం.

రెబ్కా పరిగెత్తుకొచ్చి బస్సుకి అడ్డం నిలబడింది. "ఇది మా బస్సు సార్! మూడుసార్లు చెప్పారు గదా!"

"రెండో ట్రిప్పు మీదేనమ్మా" అన్నారు జయరావుగారు, ఆ బస్సు మెట్టు మీద నుంచే.

నల్లరాళ్లపాడు వాళ్లు డ్రైవర్లను భోజనం చేయకుండా కదలనివ్వలేదు. తిన్నాక వాళ్లకి నిద్రొచ్చింది. అలా రెండో ట్రిప్పు పడలేదు. సాయంత్రం జయరావుగారు మైకు అందుకుని, కళ్లు ఒత్తుకుంటూ, "ఈ క్షణాన ముక్కంటిపాలెంలో ఒక్క ప్రాణి కూడా లేదు. నూటికి నూరు శాతం విజయం!" అని ప్రకటించారు. మాకూ కళ్లు చెమర్చాయి.

తిరిగొచ్చేసరికి ఇక్కడ నేలంతా తడిసి ఉంది. మధ్యాహ్నం వాన పడిందట. కాయలు తడిశాయేమోనని కల్లాల్లోకి పరిగెత్తాం. ఆరబోసిన మిరపకాయలన్నీ కుప్పలు చేసి, పట్టాలు కప్పి ఉన్నాయి. పేట జనం చేసిన పనే. సంతోషించి, చితికిన లడ్డూలు పొట్లాలు కట్టి వాళ్లకు పంచాం. రెబ్కా పొట్లం అందుకోలేదు.

"పెసిడెంటుగారూ, నిజంగా అది పేలిన రోజున గూడా మీ కాయలకి మేమే కాపలా ఉండాలా?"

 ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. మేం మరీ రాతిగుండెల వాళ్లమేం కాదు. ఆ రోజుకి రెట్టింపు కూలి ఇవ్వాలని అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించాం.