రాజుగారి పాడె ముందు ఏడుపు

ఏడవొద్దని ఆజ్ఞాపించే రాజు దొరకడం ఏ పట్టణానికైనా అదృష్టమే. యెరూషలేముకు ఆ అదృష్టం ఆరేళ్ల పాటు పట్టింది.

ఆ రాజు గద్దెనెక్కిన వారంలోనే సొంత తమ్ముళ్లనూ, వాళ్ల మనుషులనూ కత్తికి బలిచేశాడు. వాళ్ల కోసం ఎవరైనా ఏడిస్తే రాజద్రోహమన్నాడు. ఎంత ముందుచూపు! వీధులు ప్రశాంతం. కళ్లకు విశ్రాంతి. గొంతు బొంగురుపోయిందన్న ఆడమనిషి ఊళ్లో ఒక్కతైనా మిగిలిందా?

అందరికన్నా ఎక్కువ లాభపడింది హొగ్లా. చావు జరిగిన ఇళ్లకు వెళ్లి శోకాలు పెట్టడం ఆమె వృత్తి. ఊరందరి కోసం ఏడ్చి అలిసిన మనిషి. రాజుగారి ఆఖరి తమ్ముడి కంచరగాడిదలను మేపే ఆమె కొడుకు అష్బేలు కూడా ఆ వారమే పోయాడు. కన్నకొడుకు కోసం ఏడ్చే శ్రమను రాజుగారే తప్పించారు. ఆమె తలుపు వేసుకుని యవలు విసురుకుంది. తిరగలి చప్పుడు తప్ప మరో చప్పుడు బయటికి రానివ్వలేదు.

నాలుగేళ్లకు ఒక ప్రవక్త దగ్గర నుంచి తోలు మీద రాసిన ఉత్తరం వచ్చింది. "తమ్ముళ్లను చంపావు. నీ పేగులు జారిపడేదాకా యెహోవా నిన్ను రోగంతో కొడతాడు." రాజు నవ్వి, ఆ తోలును చెప్పు అడుగున కుట్టించుకున్నాడు. నెల తిరక్కుండానే కడుపునొప్పి మొదలైంది. గిలాదు గుగ్గిలం పనిచేయలేదు, అంజూరపు పట్టు పనిచేయలేదు. రెండేళ్లు మంచంలో పొర్లి, ఉత్తరంలో రాసినట్టే పోయాడు.

అంతఃపుర అధికారి అజ్మావెతు హొగ్లా ఇంటికి పరుగున వచ్చాడు.

"హొగ్లమ్మా, ఆడవాళ్లను పోగుచేసుకుని రా. ఊరు ఊరంతా ఏడవాలి."

"ఏడవొచ్చా అయ్యా?"

"ఏడవొచ్చా ఏమిటి, ఏడవకపోతే తలలు పోతాయి."

హొగ్లా పాడె పక్కన జుట్టు విరబోసుకుంది. రొమ్ము బాదుకుంది. "నా తండ్రీ, నా అష్బేలూ, పిడికెడు మన్నైనా వేయనివ్వలేదు కదరా" అని ఎత్తుకుంది.

వెనకున్న ఆడవాళ్లు బిత్తరపోయారు. కాసేపటికి ఒకామె తమ్ముణ్ణి పిలిచింది, మరొకామె మొగుణ్ణి. ఆరేళ్ల ఏడుపు ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. ఏ మంచి రాజుకైనా ఇంత శోకం దక్కిందా, మీరే చెప్పండి.

అజ్మావెతు చెవి ఒగ్గి విన్నాడు. మెల్లగా హొగ్లా పక్కకు వచ్చి వంగాడు.

"ఎవరెవరి పేర్లో వినబడుతున్నాయి. రాజుగారి పేరొక్కటీ వినబడదేం?"

హొగ్లా ముక్కు చీదుకుంది.

"ఆ పేరెత్తితే ఏడుపు ఆగిపోతోందయ్యా."