తారామణి తిప్పిన గంట

ఎనభై ఏడు డిసెంబరులో ఒక పొద్దున, ఉప్పల్‌లోని తన అద్దె ఇంట్లో జనార్ధనరావు కాఫీ గ్లాసు కింద పెట్టి, చేతి గడియారం విప్పి భార్య ముందు పెట్టాడు. ఆ రోజుకు అతని పథకంలో ఒకే ఒక్క పని ఉంది. నాచారంలో కొత్తగా తెరుస్తున్న బడిలో టీచరు ఉద్యోగానికి తారామణి నింపిన దరఖాస్తును సాయంత్రం అయిదులోగా అక్కడ ఇచ్చి రావాలి. ఆమె దాన్ని నింపి ఇరవై రోజులయింది. "రోజూ ఆ బడి ముందునుంచే ఫ్యాక్టరీకి పోతాను, నీకెందుకు శ్రమ" అని పుచ్చుకున్నవాడు అతనే. అప్పటినుంచీ ఆ కాగితం ఫ్యాక్టరీలో అతని సొరుగులో విశ్రాంతి తీసుకుంటోంది. ఆలి చెప్పిన పని కనక ఆలస్యం అనుకునేరు. ఎవరు చెప్పినా అంతే. వాద్యం లేకుండా వాయిదా వాయించగల విద్వాంసుడతను.

"ఇదెందుకు నాకు?" అంది తారామణి.

"ముల్లు ముందుకు తిప్పు. ఎంత తిప్పావో మాత్రం నాకు చెప్పకు."

మొన్న ఫ్యాక్టరీలో ఒక పెద్దమనిషి ఉపన్యాసమిచ్చాడు. పనులు వాయిదా వేసేవాడి జబ్బు బద్ధకం కాదట. తన దగ్గర ఎంత టైముందో తెలిసి ఉండటమట. తెలిస్తే కూర్చుంటాడు, తెలియకపోతే లేచి పరిగెడతాడు. జనార్ధనరావు ఇదివరకు తనంతట తానే వాచీని పది నిమిషాలు ముందుకు పెట్టుకున్నాడు గానీ, లెక్కల్లో గట్టివాడు కావడంతో చూసినప్పుడల్లా ఆ పదీ తీసేసేవాడు. వాచీలో రెండు ముళ్లున్నా అతనికి ఒక్కటీ గుచ్చుకోలేదు.

"ఇవాళే ఆఖరు తేదీ అండీ. వచ్చే నెలకు నాకు వయసు దాటిపోతుంది. ఇక ఈ వీధి పిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ కూర్చోవాల్సిందే."

"టైమెంతో తెలియని మనిషికి బద్ధకించే ధైర్యం ఎక్కడిదే? నువ్వు తిప్పు, చాలు."

తారామణి వాచీ పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. నిమిషంలో తిరిగొచ్చి అతని చేతికి పెట్టింది.

కొత్త పద్ధతి బాగానే పనిచేసేది, అతను ఆలోచించకపోతే. ముల్లు తిప్పింది కదా అనే ధీమాతో అతను పేపరు తీరిగ్గా చదివాడు. టెండరు ప్రకటనలు కూడా వదల్లేదు. రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కాడు. మోటారు పంపుల ఫ్యాక్టరీ గేట్లో అడుగుపెట్టేసరికి వాచీ తొమ్మిదిన్నర అంటోంది. డ్యూటీ ఎనిమిదికి. అతను రోజూ అరగంటే ఆలస్యం. ఇవాళా అరగంటే అయుంటుంది. అంటే ఇప్పుడు ఎనిమిదిన్నర. అంటే తారామణి సరిగ్గా గంట తిప్పింది. ఇంత తేలిగ్గా పట్టేసినందుకు అతనికి తన మీద ముచ్చటేసింది.

ఇక్కడ ఒక చిక్కుంది. జనార్ధనరావు పనిచేసేది టైమాఫీసులో. మధ్యాహ్నం పన్నెండు సైరన్, సాయంత్రం అయిదు సైరన్ మోగించే మీట అతని బల్ల పక్కనే ఉంది. ఆ గదిలో గోడగడియారం ఆగి నెలయింది. బాగు చేయించమని రాయాల్సిన ఉత్తరం కూడా ఆ సొరుగులోనే, దరఖాస్తుకు తోడుగా ఉంది. కాబట్టి ఫ్యాక్టరీకి అతని వాచీయే దిక్కు. నాచారానికి ఆ సైరనే దిక్కు.

వాచీ పన్నెండుంబావు చూపిస్తుండగా క్యాంటీన్ గండయ్య వచ్చాడు.

"సార్, సైరన్ ఏమైంది? అన్నం సల్లగైతుంది."

"ఇంకా ముప్పావుగంట ఉంది గండయ్యా."

"నా కడుపుల మోగి జమానా అయింది సార్."

"నీ కడుపు ముందుకు నడుస్తోంది. డాక్టరుకు చూపించుకో."

పావుగంటకు మేనేజరు కామరాజు ఫోను. "ఏమయ్యా, పన్నెండున్నరయింది, సైరన్ చెడిందా?"

"ఇంకా పదకొండున్నరే సార్."

"మా బావమరిది దుబాయి నుంచి తెచ్చాడయ్యా ఈ వాచీని. ఏదో గొప్పది అన్నాడు." ముల్లు వెనక్కి తిప్పుతున్న చప్పుడు ఫోనులో వినబడింది.

ఒంటిగంటకు పన్నెండు సైరన్ మోగింది. నాలుగు వందల మంది కార్మికులు తమ వాచీలను తిట్టుకుంటూ సరిచేసుకున్నారు. గోడ అవతల బజారులో దుకాణాలవాళ్లు సరిచేసుకున్నారు. దవాఖానాలో కాంపౌండరు సరిచేసి, పన్నెండు గంటల మాత్రలు రెండోసారి వేయబోతే రోగులే వద్దన్నారు. ఒక్క మనిషి ముల్లు లెక్కపెట్టినందుకు ఊరంతా తిప్పలు పడింది.

వాచీ అయిదయింది. అంటే జనార్ధనరావు మనసులో నాలుగు. పర్మిషన్ చీటీ రాసి, సొరుగులోంచి దరఖాస్తు దులిపి తీశాడు. గేటు దగ్గర కాపలా ఉండే చెన్నయ్యతో, "మీట ముట్టుకోకు, సైరన్ టైముకు నేనే వస్తా" అని చెప్పాడు.

"మంచిది సార్. గని ఇయ్యాల నీడలు గింత పొడుగున్నయేంది?"

"చలికాలం కదా, సాగుతాయి."

బడి పది నిమిషాల నడక. చేతిలో గంట ఉంది. జీవితంలో మొదటిసారి ఒక పనికి ముందుగా వెళుతున్న మనిషి ఆ సంగతిని కాస్త అనుభవించకపోతే ఎలా? దారిలో ఇరానీ హోటల్లో కూర్చుని సమోసా తిన్నాడు. చాయ్ తాగాడు. ఆ చాయ్ బాగుందని ఇంకో చాయ్ తాగాడు.

బడి ఆఫీసులో గుమాస్తా భూషణం దీపం వేసుకుని కూర్చున్నాడు. దరఖాస్తు తిరగేసి చూసి, ముద్ర కొట్టాడు.

"అయిదుకు బంద్ సార్. సైరన్ మోగంగనే కిటికీ మూస్త. ఇయ్యాల మాత్రం నా నడుము పోయింది, ఎంతకీ అయిదు అయితలేదు."

"మబ్బు పట్టింది, అందుకే చీకటి."

భూషణం కిటికీలోంచి తల బయటపెట్టి పైకి చూశాడు. "మబ్బుల నడుమ సుక్కలు గూడ పొడిసినయి సార్."

జనార్ధనరావు వెనక ఇంకో ఇద్దరు రొప్పుతూ వచ్చి, కిటికీ తెరిచి ఉండటం నమ్మలేక ఒకరినొకరు చూసుకున్నారు. ఆ సాయంత్రం నాచారంలో బద్ధకస్తుడెవడూ నష్టపోలేదు. ఫ్యాక్టరీకి తిరిగెళ్లి, వాచీ ఆరు చూపగానే అతను మీట నొక్కాడు. కార్మికులు అయిదింటికే పడిన చీకట్లో సైకిళ్లు తడుముకుంటూ ఇళ్లకు పోయారు.

ఇంటికొచ్చి రసీదు తారామణి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, కొంగుతో కళ్లొత్తుకుంది.

"పావుగంట ముందే ఇచ్చానే," అన్నాడు జనార్ధనరావు. "నువ్వు గంట తిప్పావని పొద్దున్నే పట్టేశాన్లే."

"నేనసలు తిప్పలేదు."

"తిప్పలేదా?"

"మీకు తెలియకపోతే చాలన్నారుగా. తెలియకుండా ఉండటానికి తిప్పడమెందుకని అలాగే ఇచ్చేశాను."

జనార్ధనరావు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "అయితే నేనిచ్చింది అయిదూ నలభై అయిదుకా? మరి తీసుకున్నాడే!"

"మీకంటే మీ సైరన్ ఆలస్యంగా మోగింది కాబట్టి."

సంక్షిప్తంగా చెప్పాలంటే జనవరిలో తారామణికి ఉద్యోగం వచ్చింది. జనార్ధనరావుకు అంతకంటే ముందే మెమో వచ్చింది. సైరన్ తప్పిన రాత్రి కామరాజు ఇంటికెళ్లి ఏడు గంటల వార్తల కోసం టీవీ పెడితే, వార్తలు ఎప్పుడో అయిపోయి ఎవరో వీణ వాయిస్తున్నారట. శనివారం సాయంత్రం అయిదు సైరన్ మోగేలోగా జవాబివ్వాలని ఆ మెమోలో రాశారు.

ఆ శనివారం అయిదు సైరన్ ఎన్నింటికి మోగిందన్నదాని మీద నాచారంలో ఇప్పటికీ రెండభిప్రాయాలున్నాయి.