పసుపు గోడల ముందు సుహాసిని

ఆదివారం పొద్దున్న పదింటికల్లా సుహాసిని ఫొటో కొత్తవలస చేరాలి. పెళ్లికొడుకు శివాజీ తల్లి కూర్మమ్మ, ఫొటో నచ్చితేనే పిల్లను చూడడానికి వస్తామని ఖరాఖండిగా చెప్పింది. ఈ సంబంధం మీద మనసు పెట్టుకున్న తిరుమలరావు తొమ్మిదికే కూతురిని వెంటబెట్టుకుని చీపురుపల్లిలో ధనరాజ్ స్టూడియోకి వచ్చేశాడు.

ధనరాజ్ మహా హుషారుగా ఉన్నాడు. శుభకార్యాల ఫొటోలు తీసే చోటు కళగా ఉండాలని ముందురోజే స్టూడియో గోడలకు నిగనిగలాడే పసుపు రంగు వేయించాడు. పాపం, లైటు వెలుగు వెళ్లి గోడకు తగిలి, ఆ పసుపునంతా మోసుకొచ్చి సుహాసిని మొహాన పోస్తుందని అనుకోలేదు.

"ఒరే ధనరాజూ, పిల్ల మొహం ఇలగ పచ్చగా వచ్చిందేటి?" అన్నాడు తిరుమలరావు.

"కంప్యూటర్లో సరిసేసెస్తాను మావా. ఒక్క నిమషం!"

ఆ నిమిషం ముప్పావుగంట సాగింది. ధనరాజ్ లైట్లు మార్చాడు, కెమెరా మార్చాడు. గోడను మాత్రం అనుమానించలేదు. పది కొట్టేసరికి తిరుమలరావు ఓపిక నశించి, తెర మీదున్న ఫొటోనే తన ఫోనుతో తీసి పంపేశాడు.

ఐదు నిమిషాల్లో కూర్మమ్మ ఫోను చేసింది. "అన్నయ్యా, పిల్లకి కామెర్లు ఎన్నాళ్లబట్టి? నూనె, ఉప్పు ఆపీసినారా?"

"కామెర్లేటమ్మా! ఫొటో అలగొచ్చినాది. ధనరాజ్ స్టూడియోలోనే ఉన్నాం, ఇప్పుడే మంచిది పంపుతన్నాం!"

ఆ కంగారులో ధనరాజ్ ఫొటోలోని పసుపు మొత్తం లాగేశాడు. పసుపు పోయిన చోట నీలం వచ్చి కూర్చుంది. చూసుకోకుండా అదే పంపేశాడు.

ఈసారి కూర్మమ్మ ఎవరినీ మాట్లాడనివ్వలేదు. "అయ్యో, ఒళ్లు నీలమైపోనాది! పిల్లని కదపకండి, మేం వస్తన్నాం!" అని పెట్టేసింది. తిరిగి చేస్తే తీయలేదు.

"అయిపోనాది. రోగిష్టి పిల్లని అంటగడతన్నామని ఊరూరా సెప్తారు," అంటూ తిరుమలరావు కూలబడ్డాడు.

అప్పుడే ధనరాజ్ భార్య దేవి బజ్జీలు తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "ఇదేటి, లోపలున్నోళ్లందరికీ కామెర్లే! గుమ్మం దాటితే తగ్గిపోతన్నాయి!"

ధనరాజ్ గోడల వంక చూశాడు. నెత్తి కొట్టుకున్నాడు. దేవి ఇంట్లోని తెల్ల దుప్పట్లన్నీ తెచ్చి గోడలకు కట్టింది. మళ్లీ తీస్తే సుహాసిని సుహాసినిలాగే వచ్చింది. ధనరాజ్ సంబరంగా ఆ ఫొటోను అచ్చు వేయడానికి లోపలికి వెళ్లాడు.

పన్నెండున్నరకు స్టూడియో ముందు జీపు ఆగింది. కూర్మమ్మ చేతిలో పసరు మందు సీసా, శివాజీ భుజాన కొబ్బరిబోండాల గెల. అరుగు మీద సుహాసిని మిరపకాయ బజ్జీ కొరుకుతోంది.

"పత్యం! పత్యం!" అని కూర్మమ్మ బజ్జీ లాక్కుంది. పిల్ల కంటిరెప్ప కిందికి లాగి చూసింది. "తెల్లగానే ఉన్నాయే!"

తిరుమలరావు సిగ్గుపడుతూ గోడ కథంతా చెప్పాడు. నవ్వీ నవ్వీ కూర్మమ్మకు పొలమారింది. బోండాం కొట్టి ముందు ఆవిడకే తాగించాల్సి వచ్చింది.

సుహాసిని శివాజీని సూటిగా అడిగింది. "జబ్బనుకున్నారు గదా, మానీకుండా వచ్చినారేటి?"

"మొహం నచ్చీసినాది," అన్నాడు శివాజీ నేల చూపులు చూస్తూ. "జబ్బైతే మందు తేవాల గానీ, మానీడమేటి?"

సుహాసినికి కళ్లు చెమ్మగిల్లాయి. తండ్రి దగ్గరకు వెళ్లి, "నాకిష్టమే నాన్నా," అంది. తిరుమలరావు ఆనందం పట్టలేక కూర్మమ్మ చేతిలోని పసరు సీసాకే దండం పెట్టాడు. అక్కడికక్కడే తాంబూలాల మాట మొదలైంది.

లోపలినుంచి ధనరాజ్ సరైన రంగుల ఫొటో పట్టుకుని పరుగున వచ్చాడు. ఇన్నేళ్లలో అతను తీసిన ఫొటోలన్నింటిలోకీ అదే గొప్పది, కానీ దాన్ని ఎవరూ అడగలేదు.