ఫ్రీజర్ మూత వేయకూడదు

ఆ ఆదివారం ఉదయం ఓర్విల్ తోర్సన్ అనుకున్నది పెద్దదేమీ కాదు. ఆవుల పాలు పితికి, చర్చికి వెళ్ళొచ్చి, కిటికీ పక్కనున్న తన కుర్చీలో కూర్చుని లేక్‌మెన్ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఆట చూడాలి. ముఖ్యంగా మలకై గ్రూవ్స్‌ని చూడాలి. కాలేజీ నుంచి ఆ ఏడే వచ్చిన క్వార్టర్‌బ్యాక్ అతను. ఎదుటి జట్టువాళ్ళు దున్నపోతుల్లా వచ్చి మీద పడేలోపు బంతి ఎవరికి విసరాలో తేల్చుకోవలసిన పిల్లవాడు.

ఆట మొదలు కాకముందే ఇంట్లో వాడి మీద విచారణ మొదలైంది.

"చేతిలో బలముంది బావా, కాదన్ను. బుర్ర సంగతేంటి?" అన్నాడు ఓర్విల్ భార్య తమ్ముడు డెల్బర్ట్, జున్ను ముక్క నోట్లో వేసుకుంటూ. "బంతి విసరడానికి ముందున్నవాణ్ణొక్కణ్ణే చూస్తాడు. వాడికి దారి మూసేశారా, సంతలో తప్పిపోయిన పిల్లాడిలా బిక్కమొహం వేస్తాడు."

"కాళ్ళు కూడా కుదురుండవు," అంది పక్క పొలం వెర్నా, అల్లిక సూదులు ఆపకుండానే. "మా కోళ్ళు నయం."

"తొలిచూలు ఆవు మొదటిరోజు బకెట్టు తన్నదూ?" అన్నాడు ఓర్విల్. "అంతమాత్రాన అమ్మేసుకుంటామా? ఓపిక పట్టండి. వాడు రెండోవాణ్ణీ చూస్తాడు, మూడోవాణ్ణీ చూస్తాడు. ఆ రోజు నేను కళ్ళారా చూడాలి, అంతే."

చుట్టుపక్కల ఆ మాట అన్నవాడు ఓర్విల్ ఒక్కడే. అన్నందుకు నెల రోజులుగా అందరూ అతన్ని ఏడిపిస్తూనే ఉన్నారు.

ఆట మధ్యలో అతని భార్య మార్లిస్ వంటింట్లోంచి కేకేసింది. "ఓర్విల్! కిందకెళ్ళి జింక సాసేజీ ఒక పొట్లం పట్రా."

ఓర్విల్ నేలమాళిగలోకి దిగి, ఫ్రీజర్ మూత ఎత్తి, ఎడమ చేత్తో పొట్లం అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే నెత్తిన కప్పు అదిరింది. మలకై బంతిని గీత దాటించి మొట్టమొదటి టచ్‌డౌన్ వేయించాడు! ఓర్విల్ మెట్ల వైపు పరిగెత్తాడు. పైన గుమ్మానికి అడ్డంగా డెల్బర్ట్ నిలబడి ఉన్నాడు.

"ఆగు బావా! ఇందాక ఎక్కడున్నావ్?"

"ఫ్రీజర్ దగ్గర."

"మూత?"

"అయ్యో, తెరిచే ఉంది. వేసొస్తా ఉండు."

"వేస్తే చంపేస్తా! వెనక్కెళ్ళు. పొట్లం ఏ చేత్తో పట్టుకున్నావో ఆ చేత్తోనే పట్టుకుని నిలబడు."

ఆ ఊళ్ళో ఇది వేళాకోళం కాదు. జట్టు గెలుస్తున్నప్పుడు ఎవరు ఏం చేస్తుంటే అదే చేస్తూ ఉండాలి. వెర్నా మెడలోని శాలువా అందుకే రెండేళ్ళుగా నీళ్ళు చూడలేదు. ఓర్విల్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. లేక్‌మెన్ గెలిచారు.

మరుసటి వారం చలికి ఆగలేక ఓర్విల్ ఒక్క క్షణం మూత దించాడు. మలకై విసిరిన బంతి తిన్నగా వెళ్ళి ఎదుటి జట్టువాడి చేతిలో పడింది. దాంతో తీర్పు ఖాయమైపోయింది. గెలిచిన రోజు ఓర్విల్ ఆట చూడలేదు కాబట్టి ఇకపైనా చూడకూడదని, డెల్బర్ట్ అతని ఫోను తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఓర్విల్ కాదనగలిగేవాడే. కానీ వసంతంలో అతని గుండెకు ఆపరేషన్ జరిగినప్పుడు, రెండు పూటలా వచ్చి ఆవుల పాలు పితికింది వీళ్ళే. డెల్బర్ట్ అయితే పశువుల కొట్టంలోనే పడుకున్నాడు. అలాంటివాళ్ళు నిలబడమంటే, ఎక్కడ, ఏ చేత్తో అని అడగడం మర్యాద కాదనిపించింది అతనికి.

అయితే మూత తెరిచిన ఫ్రీజర్ ఊరుకోదు. ఆట ముగిసేసరికి ఏడాదికి సరిపడా దాచిన జింక మాంసం కరగడం మొదలుపెట్టింది. మార్లిస్ కరిగిందంతా వండింది. వండింది పారేయలేక వెర్నా వాళ్ళ ఇంటిల్లిపాదినీ పిలిచింది. వాళ్ళు చర్చిలో చెప్పారు. పాస్టర్ హాల్వర్ తన ప్రసంగం సగానికి కోసి, పళ్ళెం చంకన పెట్టుకుని వచ్చాడు. ఆదివారం వస్తే పెరడంతా కార్లే. ఆ హారన్ల మోతకు ఆవులు బెదిరి పాలు తగ్గించేశాయి.

కింద ఓర్విల్ మాత్రం కప్పు చూస్తూ ఆట వినేవాడు. వెర్నా మడమ టకటకలాడితే మలకై చిక్కుల్లో పడ్డట్టు. పాస్టర్ గెంతితే దుమ్ము రాలేది.

"డెల్బర్ట్! రెండోవాణ్ణి చూశాడా?"

"ఏమో బావా, నేను మొహం దిండులో పెట్టేసుకున్నా! పొట్లం పట్టుకున్నావా?"

"పట్టుకునే ఉన్నా!"

చివరి ఆదివారం వచ్చింది. గెలిస్తే జట్టు తర్వాతి దశ పోటీలకు వెళుతుంది. ఓడితే వచ్చే ఏడు మలకై స్థానంలో ఇంకొకరిని తెస్తామని జట్టువాళ్ళు అనేశారు. ఓర్విల్ ఆ మాట విన్నప్పటి నుంచి సరిగా తినలేదు. వాణ్ణి పంపించేస్తే, నమ్మినవాడు చూడకుండానే వాడి ఆట అయిపోతుంది.

ఆట కొద్దిసేపట్లో ముగుస్తుందనగా లేక్‌మెన్ పది పాయింట్లు వెనకబడి ఉన్నారు. పైన రెండు పొయ్యిలు, మూడు కరెంటు కుండలు, కాఫీ డేగిసా, కింద నోరు తెరుచుకుని రొప్పుతున్న ఫ్రీజర్. టప్‌మని ఫ్యూజు పోయింది. టీవీ ఆరిపోయింది.

ఇల్లంతా ఒక్కసారి గొల్లుమంది. ఫ్యూజు పెట్టె ఉన్నది నేలమాళిగలో. పాస్టర్‌తో సహా అందరూ టార్చీలతో కిందకు దూకినంత పని చేశారు.

"నాకు తెలుసు, జరగండి!"

"నీకేం తెలుసు? మీ ఇల్లు కాల్చుకున్నావుగా పోయినేడు!"

"బావా, ఇక్కడ అడ్డంగా నిలబడకు. పైకెళ్ళి టీవీ వచ్చిందో లేదో చెప్పు!"

ఓర్విల్ పైకి వెళ్ళాడు. టీవీ వెలిగింది. వెలుగుతూనే మలకై వదిలిన బంతి గాల్లో కనిపించింది. గీత అవతల పొడుగాటివాడొకడు దాన్ని గుండెకు హత్తుకుని పడ్డాడు.

"వచ్చిందా?" కింది నుంచి కేక.

"వచ్చింది! టచ్‌డౌన్ కూడా!"

మెట్ల మీద ధడధడమని అడుగులు. సగంలో డెల్బర్ట్ అరుపు. "ఎవ్వరూ కదలొద్దు! మనమంతా కింద ఉన్నప్పుడే వేశాడు!"

అడుగులు టక్కున ఆగాయి. తర్వాత మెల్లగా, ఒకటొకటిగా, కిందకు దిగిపోయాయి.

ఓర్విల్ తన కుర్చీలో కూర్చున్నాడు. బంతి మళ్ళీ మలకై చేతికి వచ్చింది; ఇంకొక్క టచ్‌డౌన్ పడితే గెలుపే. కుర్రాడు మొదటివాణ్ణి చూశాడు. దారి లేదు. కాళ్ళు తడబడలేదు. రెండోవాణ్ణి చూశాడు. లేదు. తల ఇంకాస్త తిప్పి, దున్నపోతులాంటివాడొకడు కాలు పట్టుకుని లాగుతుండగా, మూడోవాడికి విసిరాడు. వాడు అందుకుని గీత దాటేశాడు.

ఓర్విల్ కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమైంది బావా? చెప్పి చావు!"

"గెలిచాం," అన్నాడు నేల వైపు వంగి. "మూడోవాణ్ణి చూశాడురా! మూడోవాణ్ణి!"

భోజనానికి ముందు ప్రార్థన ఓర్విల్‌నే చెప్పమన్నారు. ఎప్పుడూ రెండు ముక్కల్లో ముగించేవాడు, ఆ రోజు కూర చల్లారేదాకా చెప్పాడు. కొట్టుకుంటున్న గుండెకు, తన ఆవుల్ని ఆదుకున్న చేతులకు, ఆ చేతులున్న ఒక్కొక్కరికీ పేరు పేరునా, ఒక పిల్లవాడి ఓపికకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. డెల్బర్ట్ తల వంచుకుని ముక్కు చీదాడు.

వచ్చే వారం ఆటకు ఇంతమంది కింద కూర్చోవాలి కదా, నేలమాళిగలో హీటరు పెట్టిద్దామంది మార్లిస్. గెలిచిన రోజు హీటరు లేదు కదా, అని గుర్తు చేశాడు ఓర్విల్.