నెవిల్ చూసిన కోలా

ఆ శనివారం పొద్దున నెవిల్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. టార్కీలో టూరు బస్సెక్కాలి. గ్లెండాని కిటికీ పక్కన కూర్చోబెట్టాలి. కొండ అంచు పట్టుకుని సాగే ఆ దారంతా ఆమె సముద్రాన్ని చూస్తుంటే తను ఆమెను చూస్తూ కూర్చోవాలి. చివర్లో, నీళ్ళలోంచి సున్నపురాతి స్తంభాలు లేచి నిలబడ్డ చోట బస్సు ఆగగానే, కోటు జేబులోంచి ఉంగరం తీసి అడగాల్సింది అడిగెయ్యాలి. అరవై దాటిన మనిషి ఇంతకన్నా చిక్కులేని పథకం వెయ్యలేడు.

చిక్కంతా అతని నెత్తిమీద ఉంది. అక్కడున్న ఒత్తయిన నెరిసిన జుట్టు నెవిల్‌ది కాదు. సొమ్ము పోసి కొనుక్కున్నాడు గనక అతనిదే, మొలిచింది మాత్రం కాదు. ఈ సంగతి తనకూ, మెల్బోర్న్‌లో విగ్గులు కుట్టే ఒక ముసలాయనకూ తప్ప మూడో మనిషికి తెలియదని అతని నమ్మకం. బౌలింగ్ క్లబ్బులో గ్లెండా పరిచయమైన కొత్తల్లోనే చెప్పేద్దామనుకున్నాడు, సిగ్గేసింది. ఆరు నెలలయ్యాక చెబుదామనుకున్నాడు, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటుందేమోనని జంకాడు. మూడేళ్ళు గడిచాక ఇక మొహం చెల్లలేదు. దానికి తోడు గ్లెండా మొదటి మొగుడు ఏనాడూ ఉన్నదున్నట్టు చెప్పిన పాపాన పోలేదు. "నాకు అందగాడక్కర్లేదు నెవిల్. అబద్ధాలాడని మనిషైతే చాలు" అని ఆమె అన్న రోజున అతనికి అన్నం సయించలేదు. అయినా చెప్పాడా అంటే, చెప్పలేదు.

మొదటి మజిలీలోనే గాలి పని మొదలుపెట్టింది. కింద బండల మీద అలలు బద్దలవుతుంటే అందరూ అంచునున్న కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. నెవిల్ తల పట్టుకుని నిలబడ్డాడు.

"చెయ్యివ్వు, ఇద్దరం ఫోటో దిగుదాం" అంది గ్లెండా.

"తల కాస్త నొప్పిగా ఉంది" అన్నాడు నెవిల్, చెయ్యి తియ్యకుండా.

రెండో మజిలీలోనూ అదే వరస. బస్సులోకి వచ్చి కూర్చునేసరికి నుదుటి దగ్గర విగ్గును అంటించిన టేపు పట్టు వదిలిన సంగతి అతనికి తెలిసిపోతోంది. ఇలాగే స్తంభాల దగ్గర దిగి, మోకాలి మీద వంగి, ఉంగరం పైకెత్తితే ఏమవుతుందో కళ్ళకు కట్టింది. ఆ బస్సుకు డ్రైవరూ గైడూ డారిల్ ఒక్కడే. మైకు నోటి దగ్గర పెట్టుకుని, ఈ నీలగిరి చెట్లలో కోలాలుంటాయి, బుల్లి ఎలుగుబంట్లలా బొచ్చుగా ఉంటాయి, కొమ్మలు చూస్తూ ఉండండని పొద్దుటినుంచీ ఊరిస్తున్నాడు. ఇంతవరకు ఒక్కటీ కనబడక జనం సణుగుతున్నారు.

"డారిల్, కాస్త ఆపు బాబూ. కడుపులో తిప్పుతోంది" అన్నాడు నెవిల్.

"ఆపుతున్నా పెద్దాయనా, ఒక్క క్షణం బిగబట్టండి. నిన్ననే సీట్లు కడిగించాను."

మలుపులో కాస్త వెడల్పున్న చోట బస్సు ఆగింది. నెవిల్ దిగి, ఒక పెద్ద నీలగిరి చెట్టు చాటుకు పోయి, విగ్గు తీసి, టేపు మీద బొటనవేలితో నొక్కాడు. సరిగ్గా అప్పుడే కిందినుంచి, కొండ గోడను రాసుకుంటూ, ఒక విసురు గాలి లేచింది. జుట్టు చేతిలోంచి జారి, గిరగిరా తిరిగి, అందనంత ఎత్తున కొమ్మల పంగలో వెళ్ళి కూర్చుంది. రాయి విసిరినా అందదు. నెవిల్ చేసేదిలేక జేబులోంచి ఫుట్‌బాల్ జట్టు ఉన్ని టోపీ తీసి చెవులదాకా లాక్కుని, నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడ్డాడు.

"తేలికపడ్డారా?" అంటూ వెనకనుంచి డారిల్ వచ్చాడు. "పైనేంటి చూస్తున్నారు?"

చెప్పొచ్చు. ఉన్నది డారిల్ ఒక్కడే. నవ్వుతాడు, మర్చిపోతాడు. కాని మూడేళ్ళుగా అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా.

"కోలా" అన్నాడు నెవిల్.

డారిల్ మొహం వెలిగిపోయింది. పైకి చూశాడు. పంగలో గుండ్రంగా, బూడిద రంగులో, బొచ్చుగా, కదలకుండా ఉంది. ఆ దారిలో కోలా అంటే ఎవరికైనా కనబడేది అంతే. బస్సు దగ్గరికి పరుగెత్తి అందర్నీ దింపేశాడు. ముందువరసలో కూర్చునే పామ్ అనే పెద్దావిడ బైనాక్యులర్స్ కళ్ళకు ఆనించి, "రెండు చెవులూ ఎంత ముద్దుగా ఉన్నాయో" అంది. నెవిల్‌కి తన ప్రాణం ఆ చెవుల్లోనే పోయేట్టుంది.

గ్లెండా చివరగా దిగింది. చెట్టువైపు చూసింది, టోపీవైపు చూసింది.

"నిజంగా కోలాయేనా, నెవిల్?"

"కోలానే. నేనేగా ముందు చూసింది."

"సరే" అంది గ్లెండా.

ఆ దారిలో నలుగురు తలెత్తి చూస్తుంటే అయిదో మనిషి ఆగకుండా పోవడం అంటూ ఉండదు. ముందు ఒక కారు ఆగింది, దాని వెనక రెండు. కాసేపటికి బస్సు ముందూ వెనకా కూడా కార్లే. పిల్లల్ని భుజాల మీద ఎత్తుకున్నవాళ్ళు, కెమెరాలు పట్టుకున్నవాళ్ళు, ఏమిటో తెలియకుండానే ఆహా అంటున్నవాళ్ళు. ఇంతలో గాలికి విగ్గు ఒక పక్క పైకి లేచి పడింది. "చెయ్యి ఊపింది" అని ఎవరో అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

"చూశాం కదా, ఇక పోదాం పదండి" అన్నాడు నెవిల్. ఎవరూ కదల్లేదు. వీళ్ళను ఇక్కణ్ణుంచి ఎలా కదిలించాలో తోచక, "అది చెయ్యి ఊపడం కాదు. వంట్లో బాగాలేకపోతే అలా కొట్టుకుంటాయి. దాన్ని దాని మానాన వదిలెయ్యడం మంచిది" అన్నాడు.

"జబ్బు చేసిందా?" డారిల్ మొహం మారిపోయింది. "అలాగైతే వన్యప్రాణుల వాళ్ళకి ఫోన్ చేసి తీరాలి. చెయ్యకపోతే మా కంపెనీ నన్ను బతకనివ్వదు."

"అబ్బే, అంత జబ్బేం కాదు..."

డారిల్ అప్పటికే ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అపోలో బే అనే ఊరినుంచి ఒకావిడ బయల్దేరుతోందని చెప్పాడు.

గ్లెండా నెవిల్ పక్కకు వచ్చింది. "అంత దూరంనుంచి పాపం ఆవిణ్ణి రప్పించడం అవసరమా? ఇప్పటికైనా వద్దని చెప్పొచ్చు. ఆలోచించుకో."

"వాళ్ళ పనే అది కదా, చూసుకుంటార్లే" అన్నాడు నెవిల్, ఆమె కళ్ళలోకి చూడకుండా.

అతను చూస్తే బాగుండేది.

జనంలో ఇళ్ళు కట్టే మేస్త్రీ ఒకడున్నాడు. వ్యాను మీద నిచ్చెన ఉంది. ఆవిడెప్పుడొస్తుందో ఏమో, నేనెక్కి చూస్తానంటూ దాన్ని విప్పడం మొదలుపెట్టాడు. నెవిల్ పరుగెత్తాడు. రెండు చేతులూ చాపి చెట్టుకు అడ్డం నిలబడ్డాడు.

"దగ్గరికి పోవద్దు. అంటుకుంటుంది."

"ఏం అంటుకుంటుంది పెద్దాయనా?"

"జబ్బు. మనుషులక్కూడా. గాలిలోంచి."

అనకుండా ఉండాల్సింది. తల్లులు పిల్లల ముక్కులు మూశారు. పామ్ బైనాక్యులర్స్‌తో చూసినందుకు కళ్ళకు కూడా వస్తుందేమోనని క్రిములు చంపే మందు నీళ్ళతో కళ్ళద్దాలు తుడుచుకుని, చేతులు తుడుచుకుని, ఆనక బస్సెక్కి కూర్చుంది. మలుపు అవతల కొండచరియ విరిగిన చోట రోడ్డు బాగుచేస్తున్నారు. అక్కడ ఆగు-పో పలక పట్టుకుని నిలబడే నారింజ చొక్కా మనిషి చెవిన ఈ మాట పడింది. ఆ పలక పట్టిన ఇన్నేళ్ళలో అతనికింత పెద్ద పని తగల్లేదు. వైర్‌లెస్‌లో అవతలి కొసనున్న వాడికి చెప్పి, రెండు వైపులా దారి మూయించేశాడు.

"ఎంతసేపు గురూ?" అని కార్లలోవాళ్ళు అరుస్తున్నారు.

"అంటువ్యాధి" అని చెబుతున్నాడతను, పలక దించకుండా.

హారన్లు మోగుతున్నాయి. ఒకాయన కోలాని తిడుతున్నాడు, ఇంకొకాయన ప్రభుత్వాన్ని తిడుతున్నాడు. డారిల్‌కి ఫోన్ వచ్చింది. యజమాని అవతలనుంచి ఏమన్నాడో గాని, డారిల్ చెవి ఎర్రబడింది. "స్తంభాల దాకా పోవడం ఇక కుదరదమ్మా. దారి తెరవగానే వెనక్కి తిరగడమే. నన్నేమీ అనకండి, నా ఖర్మ ఇలా కాలింది" అని ప్రకటించాడు.

నెవిల్ రోడ్డు పక్క ఇనుప అడ్డుకమ్మీ మీద కూలబడ్డాడు. జేబులో ఉంగరం డబ్బా తొడకు గుచ్చుకుంటోంది. గ్లెండా ఫ్లాస్కు తెచ్చి, కప్పులో టీ పోసి చేతికిచ్చింది. తనకూ పోసుకుని పక్కన కూర్చుంది.

"నెవిల్, ఇంకొక్కసారి అడుగుతున్నా. పైనున్నదేంటి?"

నోటిదాకా వచ్చింది. చెట్టువైపు చూశాడు. దాని కింద ఊరికి ఊరే ఉంది. రెండు వైపులా కనుచూపు మేర కార్లు. ఇప్పుడు విగ్గంటే వీళ్ళు తనను సముద్రంలోకి తోసేస్తారు.

"కోలా" అన్నాడు.

గ్లెండా తన కప్పులో మిగిలిన టీ గడ్డిలో పారబోసి, లేచి, బస్సెక్కి, తన కిటికీ పక్కన కూర్చుంది. మొహం సముద్రంవైపు తిప్పుకుంది.

వన్యప్రాణుల వాళ్ళ మనిషి రానే వచ్చింది. జోడీ అని, ముంజేతుల నిండా జంతువులు గీరిన గీతలున్న గట్టి మనిషి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, మేస్త్రీ నిచ్చెన చెట్టుకు వేయించి, కొసన గుడ్డ కట్టిన పొడవాటి కర్ర పట్టుకుని పైకెక్కింది. కర్ర చాపింది. ఆగింది. ఇంకా రెండు మెట్లెక్కింది. కర్ర కొసతో దాన్ని ఒక పక్కకు ఎత్తి చూసింది. తర్వాత ముక్కు గుడ్డ విప్పుకుంటూ దిగి, "దీన్ని ముందు చూసిందెవరు?" అని అడిగింది.

జనం గర్వంగా నెవిల్‌ని చూపించారు. ఆమె అతని టోపీని ఎగాదిగా చూసి, చెయ్యి పట్టుకుని వ్యాను చాటుకు తీసుకుపోయింది.

"పెద్దాయనా, మీ కోలాకి లోపలివైపు టేపు అంటించి ఉంది."

నెవిల్ టోపీ ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

"మా మనవరాలి పుట్టినరోజు వదిలేసి వచ్చాను. కేకు కూడా కోయలేదు. నాకిప్పుడు ఎంత ఒళ్ళు మండుతోందో మీకు చెప్పలేను. కానీ విగ్గు కోసం నిచ్చెనెక్కానని మా ఊళ్ళో తెలిస్తే జన్మంతా ఏడిపిస్తారు. అందుకని నేనేం చెబుతానంటే, అది బాగానే ఉంది, జబ్బూ గిబ్బూ లేదు, నిద్రపోతోంది, కదిలించొద్దు, ఇళ్ళకు పోండి. మీరూ నోరు మూసుకోండి. సరేనా?"

అంతే. గండం గడిచింది. మూడేళ్ళ రహస్యం చెట్టుమీద భద్రంగా ఉంది, ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నెవిల్ ఆవిడకు దండం పెట్టినంత పని చేసి బస్సువైపు నడిచాడు. నడుస్తుంటే కిటికీలో గ్లెండా మొహం కనబడింది. అతన్ని చూసి కూడా చూడనట్టే ఉంది. ఆ మొహం అతను ఎరుగును. మొదటి మొగుడి గురించి చెప్పేటప్పుడు అలాగే పెడుతుంది. నెవిల్‌కి ఒళ్ళు మండిపోయింది, ఇంకెవరిమీదా కాదు, తనమీద తనకే. విగ్గు మిగిలింది, మనిషి పోతోంది. ఎందుకూ పనికిరాని బేరం.

బస్సెక్కి సీటు పక్కన నిలబడ్డాడు.

"గ్లెండా, అది కోలా కాదు. నా జుట్టు. అదీ నాది కాదు, విగ్గు. మొదటి రోజునుంచీ విగ్గే. నీకు చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. చెప్పకుండా ఇంత దూరం తెచ్చాను."

ముందు సీట్లోంచి పామ్ వెనక్కి తిరిగింది. "నేను చెవులు చూశాను" అంది ఖండితంగా.

గ్లెండా సముద్రంవైపునుంచి మొహం ఇటు తిప్పింది. "తెలుసు."

"ఏది తెలుసు?"

"విగ్గు సంగతి మొదటి ఏడాదినుంచీ తెలుసు. మూడేళ్ళలో నువ్వు ఒక్కసారి క్షవరం చేయించుకోలేదు నెవిల్, నాకామాత్రం కళ్ళు లేవా? చెట్టెక్కిన సంగతి అది ఎగిరినప్పుడే తెలుసు. కిటికీ పక్క సీటు నాది."

"మరి ఇంతసేపూ ఒక్క మాటైనా..."

"చెప్పాల్సింది నేనా? మూడుసార్లు అడిగాను. రోడ్డు మూయించావు గాని నిజం చెప్పలేదు. ఇక అడగదల్చుకోలేదు. టార్కీలో దిగి, నీకో నమస్కారం పెట్టి, మళ్ళీ నీ మొహం చూడకూడదనుకుని కూర్చున్నాను."

నెవిల్ జేబులోంచి డబ్బా తీశాడు. "ఆ స్తంభాల దగ్గర నిన్నొకటి అడుగుదామనుకున్నాను."

"ఇక్కడే అడుగు. ముందు ఆ టోపీ తియ్యి."

తీశాడు. గ్లెండా ఆ నున్నటి తలను అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి తీరిగ్గా చూసింది. ఇన్నాళ్ళూ దీన్ని దాయడానికా ఇంత గొడవ అని అడిగింది. సందులో మోకాలి మీద వంగడానికి చోటు చాల్లేదు, నిలబడే అడిగాడు.

"సరే" అంది గ్లెండా. "కానీ చెట్టుమీదున్నది చెట్టుమీదే ఉండాలి. ఇంటికి రావడానికి వీల్లేదు."

బయట జోడీ జబ్బేమీ లేదని ప్రకటిస్తుంటే జనం ఈలలు వేస్తున్నారు. నారింజ చొక్కా మనిషి మనసొప్పక మనసొప్పక పలక తిప్పాడు. బస్సు వెనక్కి తిరిగి టార్కీ దారి పట్టింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆ మలుపులో కోలా బొమ్మతో ఒక పసుపు పలక వెలిసింది. ఇప్పుడు బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. ఆ దారి పొడవునా, ఎప్పుడు వెళ్ళినా తప్పకుండా కనబడే కోలా అదొక్కటే.